8 నెలల్లో పిల్లలు 2.9 కిలోలు పెరిగారు, రిపోర్టుకి ఇది చాలదా?

పెన్నాగట్టు_టీచర్
అందరికీ నమస్కారం. నాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు వైపు ఒక మండల పరిషత్ స్కూలు, ఊరి పేరు వద్దులెండి. మా ఊర్లో చదువుకుని వెళ్లిన ఒకాయన ఇప్పుడు బెంగుళూర్లో ఉండాడు. పోయిన జూలైలో వచ్చి పిల్లల్ని చూసి ఏంది సార్ ఇంత బక్కగా ఉండారు అని బాధపడి, మధ్యాహ్నం అన్నం గవర్నమెంటు ఎట్టాగూ పెడతా ఉంది కదా సాయంత్రం ఇంటికి పొయ్యే ముందర నేను ఏదన్నా పెట్టిస్తా అన్నాడు. సరే అని 4, 5 తరగతుల పిల్లలు 78 మందికి సోమవారం నుంచి శుక్రవారం దాకా మూడుంబావుకి గుగ్గిళ్లు, ఒకరోజు శనగలు ఒకరోజు అలసందలు, తిన్నాక 40 నిమిషాలు ఆటలు. ఆటలు కూడా ఆయన కండిషనే, ఫోన్లు చూసి పాడైపోతుండారు అని.

జూలైలో అందరికీ తూకం వేసినా, సగటు 27.4 కిలోలు. మార్చి మొదటి వారంలో మళ్లీ వేస్తే 30.3. అంటే 2.9 కిలోలు పెరిగారు. ఇప్పుడు ఆయన రిపోర్టు అడుగుతుండాడు, అది చూసుకోని వచ్చే ఏడు పక్క ఊళ్లలో కూడా పెట్టాలా వద్దా తేల్చుకుంటాడంట. ఈ రెండు అంకెలు రాసి బార్ చార్ట్ వేసి పంపిస్తే చాలు కదా? ఇట్టాంటి రిపోర్టులు రాసిన అనుభవం ఉన్నోళ్లు చెప్పండి.

కావలి_కుర్రోడు
సూపర్ సార్. 2.9 అంటే మాటలా. చార్ట్ పెద్దగా వెయ్యండి కింద పిల్లల ఫొటో పెట్టండి, ఆయన ఫ్లాట్ అయిపోతాడు.

లెక్కలమాస్టారు_ఒంగోలు
సార్ మంచి పని చేస్తున్నారు, దానికి ముందు దండం. కానీ గుగ్గిళ్లు పెట్టకపోతే మాత్రం తొమ్మిదేళ్ల పిల్లోడు ఎనిమిది నెల్లు పెరక్కుండా ఆగుతాడా అండీ? డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ల పట్టికలో మగపిల్లోడికి 9 ఏళ్లకి మధ్యస్థ బరువు 28.1 కిలోలు, 10 ఏళ్లకి 31.2. ఆడపిల్లకి 28.2 నుంచి 31.9. ఏడాదికి మూడు మూడున్నర కిలోలు వయసే పెంచుద్ది. ఎనిమిది నెల్లకి రెండు, రెండున్నర. మీ 2.9లో దాన్ని తీసేసి మిగిలింది చెప్పండి, అది గుగ్గిళ్లదేమో చూద్దాం.

పెన్నాగట్టు_టీచర్
ఇది నాకు తట్టలా మాస్టారూ. అయినా 2.9 అంటే ఎక్కువే కదా, అర కిలో అన్నా మిగుల్తుంది.

దర్గామిట్ట_డాక్టర్
మార్చిలో ఎంతమందికి వేశారు తూకం?

పెన్నాగట్టు_టీచర్
61 మందికి మేడమ్. మిగతా వాళ్లు ఆ వారం రాలేదు.

దర్గామిట్ట_డాక్టర్
17 మంది ఒకేసారి రాలేదా? ఎక్కడికి పోయారు?

పెన్నాగట్టు_టీచర్
మిరపకాయ కోతలకి మేడమ్. గుంటూరు వైపు. మా దగ్గర ఎస్సీ కాలనీ నుంచి, ఎస్టీ కాలనీ నుంచి సంక్రాంతి పోయాక కుటుంబాలతో సహా పోతారు, పిల్లల్ని ఇంట్లో ఎవరి దగ్గర ఉంచుతారు, తీసకపోతారు. ఉగాది దాటినాక వస్తారు. ప్రతి ఏడూ ఉండేదే.

లెక్కలమాస్టారు_ఒంగోలు
అయ్యో సార్. జూలైలో 78 మంది సగటు, మార్చిలో 61 మంది సగటు, రెండూ పక్కపక్కన పెట్టి తీసేస్తున్నారు. వెళ్లిపోయిన వాళ్లు బక్కోళ్లయితే ఎవరూ ఒక్క గ్రాము పెరక్కపోయినా సగటు పైకి పోద్ది. మార్చిలో ఉన్న ఆ 61 మందే జూలైలో ఎంతున్నారో తియ్యండి. రిజిస్టర్‌లో పేర్ల వారీగా ఉంటే పది నిమిషాల పని.

చీమకుర్తి_పీఈటీ
ఒక మంచి పని జరుగుతుంటే ఇట్టా ఈకలు పీకడం మనోళ్లకి అలవాటు. దాత మనసు విరిగితే రేపు ఆ శనగలు కూడా ఉండవు. పంపించండి సార్ మీ రిపోర్టు.

లెక్కలమాస్టారు_ఒంగోలు
పీఈటీ గారూ, ఈకలు పీకడం కాదండీ. ఆయన ఇంకో నాలుగు ఊళ్లలో డబ్బు పెట్టబోతున్నాడు ఈ అంకె చూసి.

పెన్నాగట్టు_టీచర్
రాత్రి రిజిస్టర్ ముందరేసుకోని కూర్చున్నా, 11 అయింది.

ఉన్న 61 మంది జూలై సగటు 28.2. మార్చిలో 30.3. అంటే పెరిగింది 2.1, 2.9 కాదు. మాస్టారు చెప్పిన వయసు లెక్కకి సరిగ్గా సరిపోయింది, పైన ఏమీ మిగల్లా.

కోతలకి పోయిన 17 మంది జూలై సగటు ఎంతో తెలుసా, 24.5. క్లాసులో అందరికన్నా బక్క పిల్లలు వాళ్లే. వాళ్లు లేకపోబట్టే నా సగటు పెరిగింది. ఎవరికోసం మొదలుపెట్టినామో వాళ్లు పోవడం వల్ల మా ప్రోగ్రాం బాగున్నట్టు కనపడింది. నిజం చెప్తుండా, నిద్ర పట్టలా.

కొత్తపట్నం_అంగన్‌వాడీ_అక్క
తమ్ముడూ బాధపడమాక, నువ్వు చూసుకున్నావు, చూసుకోనోళ్లే ఎక్కువ. ఒకటి అడుగుతా. జూలైలో మార్చిలో ఒకే కాటానా?

పెన్నాగట్టు_టీచర్
లేదక్కా. జూలైలో ఊర్లో ఒకరి దగ్గర పాతది ముల్లు తిరిగే కాటా తెచ్చినా. తర్వాత దాత డిజిటల్‌ది కొనిచ్చాడు, మార్చిలో దాని మీద వేసినా.

కొత్తపట్నం_అంగన్‌వాడీ_అక్క
అయిపాయె. మా సెంటర్లో నెల నెలా తూకాలు వేసి వేసి నాకు తెలుసు, ముల్లు కాటా ఎండకి వానకి స్ప్రింగు వదులైపోద్ది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను నిండా నింపి రెంటి మీదా పెట్టు, ఖాళీ క్యాను బరువు తీసెయ్. లీటరు నీళ్లు కిలో. రెండూ 20 చూపిస్తే మంచిది. ఇంకా, కాటా కింద నేల సమంగా ఉండాల, మట్టి మీద ఇటుకరాయి ఆనించి దాని మీద కాటా పెట్టేవాళ్లని చూశా నేను. అన్నం తినక ముందర వెయ్యాల, చెప్పులు తియ్యాల, జేబులు చూడాల. మా ఊళ్లో ఒకడు జేబుల నిండా చింతపిక్కలు పోసుకోని ఎక్కాడు, పావుకిలో తేడా.

కావలి_కుర్రోడు
చింతపిక్కల పిల్లోడు హహ.

పెన్నాగట్టు_టీచర్
పెట్టి చూసినా అక్కా. కొత్తది 20 చూపించింది. పాతది 19.3. అంటే జూలైలో ఒక్కొక్కర్నీ 700 గ్రాములు తక్కువ చూపించింది, బరువెక్కేకొద్దీ ఇంకా ఎంత తేడానో. ఆ 61 మంది నిజంగా పెరిగింది కిలోన్నర లోపే.

బార్ చార్ట్ డిలీట్ చేసినా.

కావలి_కుర్రోడు
అంటే గుగ్గిళ్లు దండగ అనా? ఇంకా తగ్గిపోయినట్టుంది కదా.

దర్గామిట్ట_డాక్టర్
దండగ అనీ చెప్పలేం, పనిచేసిందనీ చెప్పలేం. అసలు బరువు అనే కొలత ఇక్కడ సరైందా అన్నది నా సందేహం. ఒకసారి వంటింటి లెక్క వేద్దాం. ఒక్కో పిల్లకి ఎండు శనగలు ఎంత పోస్తున్నారు, 30 గ్రాములా? అందులో వంద కేలరీలకి అటూ ఇటూ, ప్రొటీన్ ఐదారు గ్రాములు. మధ్యాహ్న భోజనానికి ప్రైమరీలో పెట్టుకున్న లెక్క 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. కాబట్టి మీ గుగ్గిళ్లు ప్రొటీన్ విషయంలో భోజనంలో సగం, చిన్నదేం కాదు. కేలరీల్లో మాత్రం చిన్నదే. ఆ తర్వాత 40 నిమిషాలు ఆడిస్తున్నారు. 28 కిలోల పిల్లాడు నిజంగా ఆగకుండా పరిగెత్తితే దాదాపు ఆ వంద కేలరీలూ అక్కడే ఖర్చు. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో ఖర్చుపెట్టించి బరువెందుకు పెరగలేదు అంటే ఎట్లా?

బక్కగా ఉన్నవాళ్లు గ్రాముల్లో తక్కువే పెరుగుతారు కూడా, పట్టికలో మధ్యస్థం పెరిగినంత వాళ్లు పెరగాలని లేదు. అందుకే ఏ పిల్లకి ఆ పిల్లని తన వయసు వాళ్లతో పోల్చి ఎంత కింద ఉంది అని చూస్తారు, దాన్నే జెడ్ స్కోర్ అంటాం. బరువు పట్టిక పదేళ్ల దాకే పనికొస్తుంది, ఆ తర్వాత ఈడు వచ్చే వయసు కాబట్టి ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చెప్పే బీఎమ్‌ఐ చూడాలి. మీ 5వ తరగతి వాళ్లలో పదేళ్లు దాటినవాళ్లు ఉండే ఉంటారు.

పెన్నాగట్టు_టీచర్
ఎత్తు తియ్యలేదు మేడమ్. తీసుంటే బాగుండేది కదా.

దర్గామిట్ట_డాక్టర్
తీయాలి, కానీ దాంట్లో అద్భుతాలు ఆశించకండి. ఎత్తు ఎక్కువగా దెబ్బతినేది కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్ల లోపు, తొమ్మిదో ఏట శనగలు పెట్టి ఎనిమిది నెలల్లో దాన్ని సరిచేయలేం. మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో 31.4 శాతం, 2019-21లో చేసిన ఐదో సర్వేలో 31.2. మధ్యలో ఎన్ని పథకాలు నడిచాయో చూడండి. అంత మొండిది ఎత్తు.

అలాగని తిండి పనిచేయదని కాదు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్ వాళ్లు 1987 నుంచి 90 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో ఒక పని చేశారు. అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చిన 15 ఊళ్లలో గర్భిణులకీ ఆరేళ్ల లోపు పిల్లలకీ తిండి అందింది, పథకం ఇంకా రాని 14 ఊళ్లలో అందలేదు. పదిహేనేళ్ల తర్వాత 2003-05లో ఆ పిల్లల్నే వెతికి కొలిస్తే తిండి అందిన ఊళ్ల వాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. రక్తనాళాల బిగుతు, ఇన్సులిన్ పనితీరు కూడా కాస్త మెరుగ్గా ఉన్నాయి. సెంటీమీటరున్నర లోపే. దాన్ని చూడ్డానికి 29 ఊళ్లు, పదిహేనేళ్లు, పోల్చడానికి పక్క ఊళ్లు కావాల్సొచ్చింది.

లెక్కలమాస్టారు_ఒంగోలు
ఇది బాగుంది మేడమ్. పథకం ముందొచ్చిన ఊళ్లు, వెనకొచ్చే ఊళ్లు. దాత ఎట్టాగూ నాలుగు ఊళ్లలో పెడతానంటున్నాడు కదా. డబ్బు ఒకేసారి అన్నిటికీ చాలదు. చీటీలు వేసి రెండు ఊళ్లకి ఈ ఏడు, మిగతా రెంటికి వచ్చే ఏడు అని చెప్పి, నాలుగు ఊళ్లలోనూ జూన్‌లోనే కొలతలు తీసుకుంటే సరిపోద్ది. ఎవర్నీ ఎండబెట్టినట్టు కాదు, వరసలో నిలబెట్టినట్టే.

చీమకుర్తి_పీఈటీ
మేడమ్ చెప్పాక కొంచెం అర్థమైంది, మొన్న తొందరపడ్డా. నాకు తెలిసిన సంగతి ఆటలు కాబట్టి అది చెప్తా. సార్, 40 నిమిషాలు ఏం ఆడిస్తున్నారు?

పెన్నాగట్టు_టీచర్
కబడ్డీ, ఖోఖో. ఆడపిల్లలకి తొక్కుడుబిళ్ల. ఒక్కోసారి ఏడు పెంకులాట.

చీమకుర్తి_పీఈటీ
అక్కడే ఉంది తిరకాసు. కబడ్డీలో ఏడుగురు ఏడుగురు పద్నాలుగు, మిగతా అరవై మంది గోడెక్కి చూస్తుంటారు. ఖోఖోలో ఎనిమిది మంది కూర్చోనే ఉంటారు, పరిగెత్తేది ఒక్కడు, తప్పించుకునేది ముగ్గురు. పైగా ఔటయ్యేది ముందు ఎవరు? బొద్దుగా ఉన్నోడు, నీరసంగా ఉన్నోడు. ఎవడికి ఆట కావాలో వాడే మొదటి రెండు నిమిషాల్లో బయటికి. నేను ఒకసారి మా హైస్కూల్లో చేసి చూశా. ఐదుగురు పిల్లల్ని ముందే మనసులో అనుకోని, వాళ్లకి చెప్పకుండా, నిమిషానికోసారి ఫోన్ అలారం పెట్టుకోని వాడు ఆ క్షణంలో కదుల్తున్నాడా నిలబడ్డాడా కూర్చున్నాడా అని పేపర్ మీద గీతలు పెట్టా. 40 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కడు కదిలింది సగటున 11 నిమిషాలు. నాకే సిగ్గేసింది. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే కదలిక. తర్వాత ఔటయ్యే ఆటలు మానేసి జట్లు చిన్నవి చేసి నాలుగు చోట్ల ఒకేసారి ఆడించడం మొదలుపెట్టా, 24కి వచ్చింది.

మీరు కూడా రెండ్రోజులు ఆ గీతలు పెట్టండి. మీ ఆటల ప్రోగ్రాం 40 నిమిషాలో 11 నిమిషాలో ముందు తేలుద్ది.

దర్గామిట్ట_డాక్టర్
పీఈటీ గారి గీతల పద్ధతినే అమెరికాలో పెద్ద స్థాయిలో చేశారు. 1991-94 మధ్య నాలుగు రాష్ట్రాల్లో 96 స్కూళ్లు తీసుకుని 56 స్కూళ్లలో భోజనంలో కొవ్వు తగ్గించి, ఆటల పీరియడ్‌లో పిల్లలు ఎక్కువ కదిలేలా మార్చారు. క్యాచ్ అంటారు ఆ అధ్యయనాన్ని. భోజనంలో కొవ్వు నిజంగా తగ్గింది, పీరియడ్‌లో పిల్లలు గట్టిగా కదిలే సమయం మూడో వంతు చిల్లర నుంచి సగం దాటింది. కానీ రక్తపోటు, కొలెస్ట్రాల్, ఒంటి బరువు, ఇవేవీ మిగతా 40 స్కూళ్లతో పోలిస్తే మారలేదు. ప్రోగ్రాం జరగడం వేరు, దాని ఫలితం ఒంట్లో కనపడటం వేరు. మొదటిది లేకుండా రెండోది అడగలేం, మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది వస్తుందనీ లేదు.

ఉదయగిరి_నాన్న
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. జబ్బ మీద కొలిచే టేపు ఉంటది కదా ఎరుపు పసుపు పచ్చ రంగులది, దాంతో కొలిస్తే అయిపోయె కదా, కాటా గొడవే లేదు.

కొత్తపట్నం_అంగన్‌వాడీ_అక్క
అది మా దగ్గర ఉండే టేపు అబ్బయ్యా, ఆరు నెల్ల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డలకి. పదకొండున్నర సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు. నాలుగో తరగతోడికి అది పెడితే అందరూ పచ్చలోనే ఉంటారు, మీరు స్వీట్లు పంచుకోవచ్చు.

ఉదయగిరి_నాన్న
అట్నా. అయితే రక్తం చూపిస్తే? మా పాపకి హిమోగ్లోబిన్ 9 ఉందని చెప్పారు పోయినేడు.

దర్గామిట్ట_డాక్టర్
5 నుంచి 11 ఏళ్ల వాళ్లకి 11.5 లోపుంటే రక్తహీనత అంటాం. 9 అంటే మందు వాడాల్సిందే, వాడుతున్నారు కదా? మళ్లీ చూపించండి ఒకసారి.

టీచర్ గారి ప్రోగ్రాంకి హిమోగ్లోబిన్ మంచి కొలతే, కానీ ఫిబ్రవరి 10న స్కూల్లో నులిపురుగుల మాత్ర వేస్తారు, వారం వారం ఐరన్ మాత్ర ఇస్తారు. మార్చిలో రక్తం పెరిగితే అది మాత్రదా శనగలదా? మళ్లీ అదే కథ, ఇవన్నీ అందుతూ గుగ్గిళ్లు మాత్రం అందని పిల్లలు పక్కన ఉంటేనే తెలుస్తుంది.

కొత్తపట్నం_అంగన్‌వాడీ_అక్క
ఇంత మాట్లాడుకుంటున్నాం, అసలు తిన్నారా వాళ్లు? తమ్ముడూ, గుగ్గిళ్లు గిన్నెలో ఎంత మిగిలిందో ఎప్పుడన్నా చూశావా?

పెన్నాగట్టు_టీచర్
మీరు అడిగారు కాబట్టి చెప్తుండా. మొదట్లో మొలకెత్తిన పెసలు పచ్చివే పెట్టినాం, దాత మొలకలే మంచిది అన్నాడు. నెల రోజులు బ్రహ్మాండంగా ఖాళీ అయిపోతున్నాయి ప్లేట్లు. ఒకరోజు ప్రహరీ గోడ వెనక్కి పోతే అక్కడ మేకలు. పన్నెండో పద్నాలుగో ఉన్నాయి, మూడుంబావుకి టయానికి వచ్చి నిలబడి ఉన్నాయి గోడ కింద. పిల్లలు గోడ మీదనుంచి పారబోస్తుంటే అవి తింటున్నాయి. ఆ మేకలోళ్లు కూడా ఆ టయానికి ఇటు తోలకొస్తుండారంట.

అప్పుడు మా వంటామె నాకు ఇయ్యండి సార్ అని ఉడకబెట్టి, ఆవాలు ఎండుమిరపకాయ కరివేపాకు పోపేసి, ఉల్లిపాయ తరిగి, దించాక నిమ్మకాయ పిండింది. అప్పట్నుంచి మేకలకి ఏమీ మిగల్లా.

కావలి_కుర్రోడు
ఆ మేకలకి జూలైలో తూకం వేసుంటే రిపోర్టు అదిరిపోయేది సార్.

దర్గామిట్ట_డాక్టర్
మేకల సంగతేమో గానీ మీ వంటామెకి నా నమస్కారం చెప్పండి. నిమ్మకాయ రుచికే కాదు, శనగల్లో ఐరన్ ఒంటికి పట్టడానికి కూడా అది కావాలి.

కొత్తపట్నం_అంగన్‌వాడీ_అక్క
ఇంకోటి చూడాల. స్కూల్లో పెడుతున్నారు కదా అని ఇంట్లో రాత్రి అన్నం తగ్గించేస్తారు. చెడ్డ తల్లులై కాదు, ఇంకా చిన్నది ఉంటది కదా దానికి పెడతారు. మా సెంటర్లో బాలామృతం ప్యాకెట్ ఇస్తే చిన్నబిడ్డకని, ఇంట్లో నలుగురూ ఉండలు చేసుకోని తినేస్తారు, చిన్నదానికి వచ్చేది రెండు ఉండలు. నాలుగిళ్లకి పోయి నిన్న పొద్దుట్నుంచి ఏం తిన్నావురా అని వరసగా అడుగు. తల్లి ముందర కాదు, పక్కకి తీసకపోయి.

పెన్నాగట్టు_టీచర్
రెండ్రోజులు కనపడలా, సారీ. పీఈటీ సార్ చెప్పిన గీతలు పెట్టినా. మా దగ్గర 40 నిమిషాలకి కదిలింది 9. ఆడపిల్లల్లో ముగ్గురు అసలు లేవనే లేదు, అడిగితే చెప్పుల్లేవు సార్ నేల కాలుద్ది అన్నారు. నాకు ఇన్నాళ్లు కనపళ్లా అది.

ఎన్ని రోజులు జరిగిందో కూడా తీసినా. అనుకున్నది 140 పనిదినాలు. నవంబరు, డిసెంబరు వానలకి గ్రౌండ్ చెరువైంది, పండగలు, నేను ట్రైనింగులకి పోయిన రోజులు, గ్యాసు అయిపోయిన రోజులు అన్నీ పోను గుగ్గిళ్లు పెట్టింది 97 రోజులు, ఆటలు 71.

ఒక మంచి సంగతి. మాకు మొదట్నుంచీ ఉన్న బాధ ఏందంటే మధ్యాహ్నం అన్నం తిని పిల్లలు గోడ దూకి పోతారు, సాయంత్రం అటెండెన్స్ తక్కువ. నేను రెండు పూటలా వేస్తా. పోయినేడు 4, 5 తరగతుల్లో రోజుకి సగటున 11 మంది మధ్యాహ్నం మాయం. ఈ ఏడు జూలై నుంచి జనవరి దాకా 4.

లెక్కలమాస్టారు_ఒంగోలు
ఇది అసలైన సంగతి సార్! కానీ నేను మళ్లీ అదే అడుగుతా, ఈ ఏడు మీరే గట్టిగా ఉన్నారేమో, గోడ ఎత్తు పెంచారేమో. 3వ తరగతికి గుగ్గిళ్లు లేవు కదా? వాళ్లెట్టా ఉన్నారు?

పెన్నాగట్టు_టీచర్
3వ తరగతి పోయినేడు రోజుకి 6, ఈ ఏడూ 6. చూసి నాకే ఒళ్లు జలదరించింది.

లెక్కలమాస్టారు_ఒంగోలు
అదే గోడ, అదే మీరు, గుగ్గిళ్లు లేవు, తేడా లేదు. గుగ్గిళ్లు ఉన్న చోట 11 నుంచి 4. పోల్చడానికి పక్క ఊరు దాకా పోనక్కర్లా, మీ వరండాలోనే ఉంది. పై తరగతి పిల్లలు వేరు కింది తరగతి వేరు అని ఎవరన్నా అనొచ్చు, అనుకోనీండి, బరువు లెక్క కంటే వంద రెట్లు నయం.

పెన్నాగట్టు_టీచర్
దాంట్లోనూ ఒక మతలబు ఉంది మాస్టారూ. మూడో తరగతి పిల్లలు గుమ్మం కాడ నిలబడి చూస్తుంటారు, చేతులు వెనక్కి పెట్టుకోని, అడగరు. మా వంటామె డిసెంబరు నుంచి ఆఖర్న వాళ్లకీ ఓ పిడికెడు పెడతా ఉందంట, నాకు చెప్పలా. మీ లెక్క చెడిపోయినట్టేనా?

లెక్కలమాస్టారు_ఒంగోలు
చెడిపోతే చెడిపోయింది సార్. డిసెంబరు ముందర నెల్లు విడిగా, తర్వాత నెల్లు విడిగా రాయండి. ఆమెని మాత్రం ఏమీ అనొద్దు.

బెంగుళూరు_ప్రకాశం
నేను కూడా మా ఊరి స్కూలుకి ఏదో ఒకటి పంపిస్తుంటా, వేరే జిల్లా, వేరే సంగతి, మీ దాతని నేను కాదు. ఇచ్చేవాడి వైపు నుంచి చెప్తా. మాకు వచ్చే రిపోర్టులన్నీ ఒకేలా ఉంటాయి, నవ్వుతున్న ఫొటోలు, పైకి పోయే గీత. చదివి మర్చిపోతాం. మేకల సంగతి రాసిన రిపోర్టు నాకు వచ్చుంటే నేను టికెట్ బుక్ చేసుకుని వచ్చి ఆ వంటామె గుగ్గిళ్లు తినేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు రాయండి మాస్టారూ.

పెన్నాగట్టు_టీచర్
రాసి పంపించినా. బరువు గురించి చెప్పలేం, కాటాలు వేరు, పోల్చడానికి ఎవరూ లేరు అని మొదటి లైన్లోనే రాసినా. 97 రోజులు, 71 రోజులు, 9 నిమిషాలు, మేకలు, చెప్పులు, మధ్యాహ్నం హాజరు, మూడో తరగతి, అన్నీ. జూన్‌లో ఎత్తు, బరువు ఒకే కాటా మీద, 600 మీటర్ల పరుగు టైము, ఇవన్నీ గుగ్గిళ్లు మొదలు పెట్టకముందే తీస్తాం, పక్క ఊళ్లలో కూడా తీస్తాం, ఊళ్లు చీటీలు వేసి ఎంచుకుందాం అని.

ఆయన ఫోన్ చేసినాడు. కోప్పడతాడనుకున్నా. ఒకటే అడిగాడు, ఆ 17 మందీ ఎప్పుడొస్తారు సార్ అని. ఉగాది దాటాక అన్నా. వాళ్లు పోయే చోట ఏమన్నా పెట్టించగలమా అన్నాడు. నాకు తెలీదు అన్నా. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

కొత్తపట్నం_అంగన్‌వాడీ_అక్క
కోత జరిగే ఊళ్లో స్కూలుంటది కదా, అక్కడి హెడ్మాస్టరుకి చెప్తే మధ్యాహ్నం అన్నం పెట్టొచ్చు. పిల్లల పేర్లు రాసి లెటర్ ఇచ్చి పంపు వచ్చేసారి. ఏ మేస్త్రీ తీసకపోతున్నాడో సంక్రాంతికే తెలిసిపోద్ది, ముందే ఏ ఊరో కనుక్కో.

చీమకుర్తి_పీఈటీ
సార్ ఆ ముగ్గురు ఆడపిల్లల పాదాల కొలత పంపించండి, చెప్పులు నేను చూస్తా.

పెన్నాగట్టు_టీచర్
పంపిస్తా సార్, థాంక్స్.

ఒంటిపూట బడులు కదా, ఇప్పుడు గుగ్గిళ్లు పొద్దున పదింటికి పెడుతుండాం, మూడో తరగతికి కూడా. నిన్న కోతల నుంచి ఒక ఇల్లు ముందుగానే వచ్చేసింది, తల్లికి బాగలేక. వాళ్ల పిల్లోడు జూలైలో పాత కాటా మీద 23.8. నిన్న అదే పాత కాటా మీద ఎక్కించినా, 23.4. కొత్తదాని మీద 24.1. చేతులు చూస్తే మిరపకాయలకి వేళ్ల సందులు మండిపోయి ఎర్రగా ఉన్నాయి, చెంచా అడిగాడు తినడానికి. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

లెక్కలమాస్టారు_ఒంగోలు
వాణ్ణి కూడా లెక్కలో రాయండి సార్.

పెన్నాగట్టు_టీచర్
రాసినా. 62.